ముందు వెళ్ళేవాళ్ళకి ముందు పొయ్యి

మొన్న శనివారం సుజాత పిన్ని కూతుర్ని వెంటబెట్టుకుని అబూ ధాబీలో మా ఇంటికి వచ్చింది. వస్తూనే, "కాఫీ తర్వాత, ముందు దీని సంగతి తేల్చు" అంది. ఇది అంటే సహస్ర. పన్నెండో తరగతి చదువుతోంది. ఒకప్పుడు బర్ దుబాయ్‌లో మేమంతా కలిసి ఉన్న ఫ్లాట్‌లో ఉయ్యాల ఊగిన పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగ్గా ఎదిగి, సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుంది. నేను చదివిన యూనివర్సిటీకే అప్లికేషన్ పెడుతోంది. వీళ్ళు ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్తే, ఆయన ఈ పిల్ల చేత ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టించమన్నాడట, ఒక పుస్తకం అచ్చు వేయించమన్నాడట, సముద్రపు తాబేళ్ళ మీద అమితమైన ప్రేమ ఉన్నట్టు కనబడాలన్నాడట. "నాకు తాబేళ్ళంటే భయం అక్కా" అంది సహస్ర. తర్వాత కొంచెం ముందుకు జరిగి, "నువ్వు లోపలికి వెళ్ళి చూసినదానివి కదా. వాళ్ళు అసలు చూసేదేంటి? అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్కటి చెప్పు చాలు" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వెందుకో నాకు తెలుసు. నేను కూడా నవ్వాను. సహస్ర మా ఇద్దరినీ అనుమానంగా చూసింది.

నాకు ముప్పై దాటి ఎన్నాళ్ళో కాలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదంటుంది అమ్మ. కానీ గల్ఫ్‌లో పెరిగినవాళ్ళకి జ్ఞాపకాలు తొందరగా పాతబడతాయి. మేమున్న వీధిలో దుకాణాలు మారిపోయాయి, పక్క భవనం పేరు మారిపోయింది, మా మెట్ల కింద సమోసాలు అమ్మిన మలబారు ఆయన ఎప్పుడో ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పుడు రాయకపోతే సహస్ర లాంటివాళ్ళకి ఆ ఫ్లాట్ ఉండేదన్న సంగతే తెలియకుండా పోతుంది.

మా ఫ్లాట్ బట్టల బజారు వెనక, లిఫ్టు సగం రోజులు పనిచేయని ఒక పాత భవనంలో ఉండేది. మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో వాసన. కింద దర్జీవాళ్ళ ఇస్త్రీ ఆవిరి, దానిపైన పాకిస్తానీ కుటుంబం అగరు పొగ, ఆ పైన గుజరాతీల తాలింపు, అన్నిటికీ పైన మా ఎండు రొయ్యలు. మూడు పడకగదులు, మూడు కుటుంబాలు, ఒకే వంటిల్లు. మేము కాకినాడవాళ్ళం. నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. పక్క గదిలో జగిత్యాల నుంచి వచ్చిన రాజేశం మామ, పద్మ అత్త. మామ ఏసీ డక్టులు బిగించే పనికి ఫోర్‌మన్, అత్త బడి బస్సులో చిన్నపిల్లల్ని ఎక్కించి దించే ఆయా. వాళ్ళ కొడుకులిద్దరూ ఊళ్ళో నానమ్మ దగ్గర చదువుకునేవాళ్ళు. మూడో గదిలో గుంటూరు నుంచి వచ్చిన సుజాత పిన్ని. ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త ప్రసాద్ బాబాయి ఖోర్ ఫక్కాన్ పోర్టులో పనిచేస్తూ గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోయేవాడు. రక్తసంబంధం ఎవరికీ ఎవరితోనూ లేదు. అత్త, మామ, పిన్ని, బాబాయి అన్నవి అద్దెతో పాటు వచ్చిన వరసలు. కానీ ఇప్పటికీ నాకు అత్త అంటే పద్మ అత్తే గుర్తొస్తుంది, కాకినాడలో సొంత అత్తలు వినకుండా ఉంటే చాలు.

ఆ ఇంట్లో నన్ను నిద్రలేపిన గడియారం పద్మ అత్త జొన్నరొట్టె. ఇంకా చీకటిగా ఉండగానే పీట మీద ఆమె రొట్టె తట్టే చప్పుడు గోడ దాటి వచ్చేది. ఆ చప్పుడు ఆగిన కాసేపటికి రాజేశం మామ బూట్ల చప్పుడు, తలుపు మెల్లగా వేసిన చప్పుడు. తర్వాత సుజాత పిన్ని నైట్ డ్యూటీ నుంచి వచ్చేది, ఎవరికీ నిద్రాభంగం కాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని, ఒంటినిండా డెట్టాల్ వాసనతో. వంటింట్లోకి వెళ్ళి నిలబడే ఒక గ్లాసు కాఫీ తాగేది. అప్పటికి అమ్మ లేచి ఇంగువ డబ్బా మూత తీసేది. నాన్న తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. కాలర్ దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ కాలర్ దగ్గరికే వచ్చి ఆపేవాడు. ఆఫీసు నుంచి ఫోనొస్తే, అవతలివాళ్ళకి కనబడుతుందన్నట్టు, ముందు తల దువ్వుకుని అప్పుడు ఎత్తేవాడు. ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఉండడంతో ఇన్ని వాసనలూ పోయే దారి లేక మా బట్టల్లో చేరేవి. నా బడి యూనిఫారం దగ్గర ముక్కు పెట్టి మా క్లాసు పిల్లలు, "ఈ రోజు మీ ఇంట్లో వంకాయా?" అని అడిగేవాళ్ళు. తొంభై పాళ్ళు వంకాయే.

వంటింటి పొయ్యికి నాలుగు బర్నర్లు. నాలుగోది పేరుకే. దాని మీద పెట్టిన పాలు మనం పెద్దవాళ్ళమయ్యేదాకా కాగవు. మిగిలిన మూడింటి కోసమే మూడు కుటుంబాల రాజకీయమంతా. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ, నాన్న ఆఫీసులో ఎవరికో పార్టీ ఉందని, మంచి బర్నర్ మీద పద్మ అత్త పెనం దించి తన వంకాయ ఎండు రొయ్యల కూర ఎక్కించింది. రొట్టెలు కాలేసరికి మామ బస్సు వెళ్ళిపోయే వేళయింది. ఆయన డబ్బా లేకుండానే సైటుకి పోయాడు. ఆయన ఒక్క మాట అనలేదు. పద్మ అత్త ఆయన వంతు కూడా కలిపి అంది. "మీరు ఆఫీసులల్ల కూలర్ల కింద కూసునేటోళ్ళు వదినె. మా ఆయన ఎండల ఇనుము మోస్తడు. ఆయన కడుపు మాడ్చి మీ పార్టీలు చేసుకుంటరా?" అమ్మ తక్కువ తిన్నదా? "పార్టీ నాకు కాదు పద్మా, ఆయనగారి ఆఫీసుకి. ఒక్క పూట ఆగితే కొంప మునిగిపోయిందా ఏంటి!" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరు పట్టని వంటింట్లో వీపులు ఒరుసుకోకుండా తిరగడం వాళ్ళెలా నేర్చుకున్నారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అప్పుడు నేను ఆరో తరగతి. ఇద్దరి మధ్యా నిలబడి మాటలు మోసే పని నా మీద పడింది. "అత్తా, కుక్కరు ఎప్పుడు దించాలో అమ్మ అడుగుతోంది." "మీ అమ్మకు చెప్పు బిడ్డా, నా రొట్టెలైతే అయిపోయినయి." రెండడుగుల దూరంలో ఉన్న మనుషులకి ఇలా మాటలు మోసి మోసి విసుగొచ్చి, ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక నేనే గదిగదికీ వెళ్ళి, "రేపు ముందు ఎవరు వెళ్తున్నారు?" అని అడిగాను. మామ బస్సు ఎప్పుడు, పిన్ని డ్యూటీ ఎప్పుడు, నాన్న ఎప్పుడు, అన్నీ కనుక్కుని, ముందు వెళ్ళేవాళ్ళకి ముందు పొయ్యి అని ప్రకటించాను. చిన్నపిల్ల చెప్పింది కాబట్టి ఓడిపోయినట్టు ఎవరికీ అనిపించలేదేమో, అందరూ ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకి అమ్మా అత్తా మళ్ళీ కలిసిపోయి ఒకరి జడ ఒకరు వేసుకునేదాకా వచ్చారు గానీ, ఆ అడగడం మాత్రం ఆగలేదు. ఎందుకంటే రేపటి లెక్క ఎప్పుడూ నేటిలా ఉండేది కాదు. ఎండాకాలంలో మధ్యాహ్నం బయట పని ఆపేస్తారు కనుక మామ బస్సు ఇంకా పెందలాడే వచ్చేది. రంజాన్ నెలలో అందరి వేళలూ తారుమారు. పిన్నికి డ్యూటీలు మారేవి. సహస్ర పుట్టాక పాలసీసాలు మరిగించడానికి వంతు అక్కర్లేదని అంతా ఒప్పుకున్నాం. కాగితం మీద ఏమీ లేదు, అడగడం, గుర్తుపెట్టుకోవడం, అంతే. రాజేశం మామ నాకు ముదీర్ అని పేరు పెట్టాడు. ముదీర్ అంటే ఇక్కడి మాటల్లో మేనేజరు. "ఏం ముదీర్, రేపు మాకు పొయ్యి దొరుకుతదా, లేక ఖుబూస్ రొట్టె కొనుక్కోవాల్నా?" అనేవాడు. నేను నిజంగానే మేనేజరులా మొహం పెట్టి, "చూద్దాం మామా" అనేదాన్ని.

ఇలా ఉండగా నేను పన్నెండో తరగతికి వచ్చాను. నాన్న కంపెనీలో పనులు తగ్గిపోయి, ప్రాజెక్టులు సగంలో ఆగిపోయిన రోజులవి. ఇక్కడి కాలేజీల ఫీజులు మాకు అందేవి కావు. కాకినాడలో పెదనాన్న తనకి తెలిసిన ఇంజనీరింగ్ కాలేజీలో మాట్లాడి ఉంచాడు. పరీక్షలవగానే నేనొక్కదాన్నే వెళ్ళి హాస్టల్లో ఉండాలి. కాకినాడంటే నాకు సెలవుల్లో దోమలు కుట్టే ఊరు, అంతే. నాకు ఊరంటే ఈ ఇల్లు, ఈ క్రీక్ ఒడ్డు, ఈ మెట్లు. వెళ్ళనని ఏడిస్తే అమ్మ కూడా ఏడ్చేది, అంతకు మించి ఆమె చేయగలిగిందేమీ లేదు. అప్పుడు మా ఇంగ్లీషు టీచరు ఒకావిడ నన్ను పిలిచి, అబూ ధాబీలో కొత్తగా వచ్చిన యూనివర్సిటీ గురించి చెప్పింది. ప్రపంచమంతటి నుంచీ గుప్పెడు మందినే తీసుకుంటారట. తీసుకుంటే మాత్రం చదువు, వసతి, తిండి అన్నీ వాళ్ళవే. నేను క్లాసు ఫస్టు కూడా కాదు. అయినా అప్లికేషన్ పెట్టాను. కొన్ని నెలలకి, క్యాంపస్‌కి వచ్చి రెండు రోజులు ఉండమని, ఇంటర్వ్యూ చేస్తామని పిలిచారు. ఆ సీటు వస్తే నేను ఇంటికి రెండు గంటల దూరంలో ఉంటాను. రాకపోతే కాకినాడ.

ఆ శుక్రవారం హాల్లో పెద్ద సభ జరిగింది. వాళ్ళు ఏం చూస్తారన్నదే చర్చ. "మార్కులే బావా. ఇంకేం జూస్తరు? మొఖం జూసిస్తరా?" అన్నాడు రాజేశం మామ. ప్రసాద్ బాబాయి ఇంగ్లీషు ముఖ్యమన్నాడు. పోర్టులో ఫిలిప్పీన్స్ వాళ్ళకి ప్రమోషన్లొచ్చేది అందుకేనట. నాన్న ఆఫీసు స్నేహితుడు శర్మగారు ప్రత్యేకంగా ఇందుకోసమే వచ్చి, లీడర్‌షిప్ అన్నాడు. వాళ్ళబ్బాయికి కరాటే, కీబోర్డు, చదరంగం అన్నిటిలోనూ సర్టిఫికెట్లున్నాయట. "మా అమ్మాయి పొయ్యి చూసుకుంటుందండీ" అంది పిన్ని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

నాన్న నవ్వలేదు. ఆయనకి ఇంటర్వ్యూ అంటే వీసా కౌంటరు. కంపెనీ పనుల మీద ఇమ్మిగ్రేషన్, లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆయన కనిపెట్టిన సూత్రం ఒకటుంది. అడిగినదానికే చెప్పాలి, ఎక్స్‌ట్రా మాట్లాడకూడదు. ఎక్స్‌ట్రా మాట్లాడి పని చెడగొట్టుకున్నవాళ్ళ కథలు ఆయన దగ్గర చాలా ఉండేవి. భార్యకి వీసా అడగడానికి వెళ్ళి, మాటల్లో మాటగా బావమరిదిని కూడా పిలిపిస్తానని చెప్పి, మొత్తం కాగితాలు వెనక్కి తెచ్చుకున్న ఆయన కథ మాకు కంఠతా వచ్చు. అందుకని రోజూ సాయంత్రం మా ఇంట్లో రిహార్సల్. అమ్మ బియ్యం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆఫీసరు. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" "స్రవంతి, మేడం." "వేర్ యు స్టే?" "బర్ దుబాయ్, మేడం." అమ్మకి ఇంగ్లీషు అక్కడితో అయిపోయేది. "మీరెంతమంది, ఎవరెవరు, ఏం వండుకుంటారు?" అని తెలుగులోకి దిగిపోయేది. నేను చెప్పబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. "అక్కడే అమ్మలూ, అక్కడే జాగ్రత్త. ఫ్యామిలీ అని ఆపెయ్. షేరింగ్ అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు." మాలా కుటుంబాలు కలిసి అద్దెకుండే షేరింగ్ ఇళ్ళ మీద తనిఖీలు జరుగుతున్నాయని, సామాన్లు రోడ్డు మీద పెట్టిస్తున్నారని వినబడే కాలం అది. ఆయన భయం ఉత్తినే పుట్టింది కాదు.

గుబైబా బస్టాండులో బస్సెక్కి నాన్నా నేనూ అబూ ధాబీ వెళ్ళాం. నన్ను గేటు దగ్గర దింపి ఆయన ముసఫ్ఫాలో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. లోపల నాలాంటివాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. నన్ను ఇంటర్వ్యూ చేసినావిడ తెల్లజుట్టు ప్రొఫెసర్. బల్ల కూడా అడ్డం లేకుండా ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టింది. "మీ ఇంటి గురించి చెప్పు" అంది. "ఫ్లాట్, మేడం. బర్ దుబాయ్." "ఇంట్లో ఎవరెవరుంటారు?" "ఫ్యామిలీ, మేడం." "సాయంత్రాలు ఏం చేస్తుంటావు?" "చదువుకుంటాను, మేడం." ఆవిడ ఓపిగ్గా ఎదురుచూసింది. నేను కూడా ఓపిగ్గా ఎదురుచూశాను. "నువ్వు నాకు చెప్పాలనుకుంటున్నది ఇంకేమైనా ఉందా?" అని చివరికి అడిగింది. ఇదే ఉచ్చు, నాన్న చెప్పిన ఉచ్చు ఇదేనని నాలో నేను అనుకుని, "లేదు, మేడం" అన్నాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను. బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి, ఒక్క మాట ఎక్స్‌ట్రా అనలేదని చెప్పాను. "శెభాష్" అన్నాడు నాన్న.

ఆ ఆనందం మధ్యాహ్నం భోజనం దాకానే. నా పక్కన కూర్చున్న కెన్యా అబ్బాయి, తన ఇంటర్వ్యూ అంతా వాళ్ళ మామయ్య మేకల గురించే నడిచిందన్నాడు. ఒక మేక రోజూ బస్సెక్కి పక్క ఊరు ఎలా వెళ్ళేదో చెబితే ప్రొఫెసర్ కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వాడట. ఎదురుగా ఉన్న కొరియా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మతో తను పడ్డ గొడవంతా చెప్పిందట. నేనొక్కదాన్నే లోపలికెళ్ళి వీసా స్టాంపు వేయించుకుని వచ్చాను. కాకినాడ దోమలు అప్పుడే చెవి దగ్గర గుయ్యిమనడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రం బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

మర్నాడు మమ్మల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఒక్కో గుంపుకీ ఒక బొమ్మ పటం ఇచ్చారు. ఎక్కడా లేని ఒక చిన్న ఊరు. ఒకే నీళ్ళ ట్యాంకు, కొన్ని ఇళ్ళు, ఒక బేకరీ, ఒక ఆసుపత్రి, ఒక బడి. ట్యాంకులో అందరికీ ఒకేసారి వదిలేన్ని నీళ్ళుండవు. నీళ్ళు ఎలా పంచాలో తేల్చండి అన్నారు. మా గుంపులో అందరూ నాకంటే తెలివైనవాళ్ళే. ఒకడు వెంటనే అందరికీ సమాన గంటలన్నాడు. ఇంకొకడు మనుషుల సంఖ్యని బట్టి భాగాలన్నాడు. ఇంకో అమ్మాయి లేచి బోర్డు మీద సమీకరణం రాసింది. ఎవరికి వాళ్ళు పైచేయి కోసం గొంతు పెంచుతున్నారు. నేను ఎలాగూ ఓడిపోయిన మనిషినే, ఇంక కొత్తగా పోయేదేముంది అన్న ధైర్యంతో, రోజూ రాత్రి మా ఇంట్లో అడిగే మాటే అడిగాను. "ఈ ఊళ్ళో పొద్దున్నే ముందు బయటికెళ్ళేది ఎవరు?"

అందరూ నా వైపు చూశారు. "బేకరీవాడు చీకటితో లేస్తాడు. ఆసుపత్రి నర్సు అప్పుడే ఇంటికొస్తుంది, స్నానం చేయకుండా పడుకోదు. బడి పిల్లలు తర్వాత. ఎవరికెన్ని నీళ్ళు అన్నది సరే. ఎవరికెప్పుడు కావాలో ముందు కనుక్కుందాం. అందరికీ ఒకే వేళకి అక్కర్లేదు కదా" అన్నాను. కాసేపటికి బోర్డు మీది సమీకరణం చెరిగిపోయి, ఊళ్ళో ఎవరెప్పుడు లేస్తారన్న పట్టీ మొదలైంది. ఒక్కొక్కరు ఒక్కో ఇంటి తరఫున మాట్లాడడం మొదలుపెట్టారు. ఇద్దరికి ఒకే వేళ పడి గొడవొస్తే, నేను అటూ ఇటూ మాటలు మోశాను. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు ఆ గదిలో లేరని నాకప్పుడే తెలిసింది. గర్వంగానే చెబుతున్నాను.

ఎప్పుడొచ్చి నిలబడిందో తెల్లజుట్టు ప్రొఫెసర్ నా వెనకే ఉంది. "ఇది నీకెలా తెలుసు?" అని అడిగింది. నా మాటకి నాన్న చెయ్యి అడ్డం పడినట్టయింది. షేరింగ్ అన్న మాట రాకూడదు. మా సామాన్లన్నీ, అమ్మ ఇంగువ డబ్బాతో సహా, రోడ్డు మీద కనబడ్డాయి నాకు. కానీ ఆవిడ మొహంలో కౌంటరు లేదు. ఆవిడకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. "మేము మూడు కుటుంబాలం మేడం, ఒకటే వంటిల్లు" అన్నాను. అంతే, ఆనకట్ట తెగింది. పద్మ అత్త రొట్టె, మామ వదిలి వెళ్ళిన డబ్బా, అమ్మ వీపు అత్త వీపు, రంజాన్ నెల, పాలసీసాలు, పాలు కాగని నాలుగో బర్నరు, ఏదీ వదల్లేదు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. గంట కొట్టారు. నేను ఆపలేదు. మెట్లు దిగుతూ చెప్పాను, గేటు దాకా నడుస్తూ చెప్పాను. "మరి ఆ ఇద్దరూ మళ్ళీ ఎలా మాట్లాడుకున్నారు?" అని ఆవిడే మధ్యలో అడిగింది.

తిరుగు బస్సులో నాన్నకి అంతా చెప్పేశాను. జబల్ అలీ వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "ఎండు రొయ్యల సంగతి కూడా చెప్పావా?" అన్నాడు. "చెప్పాను నాన్నా." "పార్టీ మా ఆఫీసులోనని?" "అది కూడా." ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అని హడలిపోయాను. నవ్వుతున్నాడు. అయినా ఇంటికొచ్చాక చాలా రోజులు తలుపు కొట్టిన చప్పుడైతే చాలు, నాన్న నా వైపు చూసేవాడు. నేను నేల చూసేదాన్ని. ఇస్త్రీ బట్టల కుర్రాడు వచ్చినా సరే.

కబురు ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అందరూ ఇంట్లో ఉన్నారు. మా పాత కంప్యూటరు తెరుచుకోవడానికే కాసేపు మూలిగింది. నేను మెయిల్ తెరిచి మొదటి వాక్యం ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. "గదంత మాకెందుకు బిడ్డా, వచ్చిందా రాలేదా, గది చెప్పు ముందు!" అని అరిచింది పద్మ అత్త. "వచ్చిందత్తా" అన్నాను. అత్త నన్ను కుర్చీతో సహా వాటేసుకుంది. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఏం చేయాలో తెలియక, గరిటెతోనే నా తల నిమిరింది. నా జుట్టంతా పప్పు. ప్రసాద్ బాబాయి మెట్ల మీద నిలబడి పైకీ కిందకీ కేకేసి చెప్పాడు. రాజేశం మామ మాత్రం బాల్కనీలోకి వెళ్ళి ఊరికి ఫోన్ చేశాడు. "మా బిడ్డకు సీటచ్చింది" అని ఆయన తన కొడుకులకి చెప్పడం నాకు వినబడింది. నేను గెలిచాను. ఆ రోజు అలాగే అనిపించింది, ఇన్నేళ్ళలో ఎన్నో చూశాక కూడా దాన్ని తక్కువ చేసి చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు.

రెండో ఏడాది చదువుతున్నప్పుడు ఆ ప్రొఫెసర్‌ని ధైర్యం చేసి అడిగాను, నన్నెందుకు తీసుకున్నారని. "మొదటి రోజు నీ గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. నీ ఇంట్లో మనుషులున్నట్టే నాకు తెలియలేదు" అంది. మొన్న సహస్రకి ఇదంతా చెప్పాను. మార్కులు అక్కర్లేదని కాదు. మార్కులు గేటు దాకా తీసుకెళ్తాయి, అవి నాకూ ఉన్నాయి. కానీ ఆ తర్వాత వాళ్ళు చూసేది, నువ్వు ఎవరి మధ్య పెరిగావు, వాళ్ళతో ఎలా వేగావు, రేపు నీ పక్క గదిలో ఉండబోయేవాళ్ళతో ఎలా ఉంటావు అన్నదే. అప్పట్లో మేము అదే దాచిపెట్టాలనుకున్నాం. ఇప్పటి పిల్లల చేత లేనివి పెట్టిస్తున్నారు. మా నాన్న భయమే నయమనిపిస్తుంది, కనీసం ఆయన నాకు తాబేళ్ళని అంటగట్టలేదు. సహస్ర వెంటనే, "నేను రోజూ అమ్మ డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మెట్రో దగ్గరికి ఎదురెళ్తాను. దారంతా పేషెంట్ల గురించి చెబుతుంది. అది చెప్పొచ్చా?" అంది. "అదే చెప్పు" అన్నాను. అప్పుడు పిన్ని చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, "దీనికి ఆ రోజు సంగతి చెప్పావా?" అంది. అది సహస్రకి నిజంగానే తెలియదు. ఆ రోజు తను కూడా అక్కడే ఉంది.

మమ్మల్ని చేర్చుకున్న రోజు యూనివర్సిటీలో స్వాగత సభ పెట్టారు. తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. చాలామంది పిల్లల అమ్మానాన్నలు వేరే ఖండాల్లో ఉన్నారు కనుక సీట్లు ఖాళీగా ఉంటాయని తెలుసుకుని, రాజేశం మామ కంపెనీ వ్యాన్ అడిగి తెచ్చాడు. పద్మ అత్త పట్టుచీర కట్టింది. పిన్ని నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి వ్యాన్‌లోనే చీర సర్దుకుంది. బాబాయి ఖోర్ ఫక్కాన్ నుంచి తెల్లవారకముందే బయలుదేరాడు. అందరూ చివరి వరసలో కూర్చున్నారు. వేదిక మీద పెద్దాయన ఒక్కొక్కరి పేరూ పిలిచి, వాళ్ళ తల్లిదండ్రులు వచ్చి ఉంటే లేచి నిలబడమంటున్నాడు, హాలు చప్పట్లు కొడుతోంది. "మేమిద్దరం లేస్తాం, మీరు కూర్చోండి" అని నాన్న అందరికీ ముందే గుసగుసగా చెప్పి పెట్టాడు. నా పేరు పిలిచారు. అమ్మా నాన్నా లేచారు. ముందు వరసలోంచి తిరిగి చూస్తున్నాను. నాన్న నిలబడ్డవాడు పక్కకి చూసి, రాజేశం మామ చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. "నేనెందుకు బావా" అంటూనే మామ లేచాడు. మామతో పద్మ అత్త లేచింది. నిద్రపోతున్న సహస్రని భుజాన వేసుకుని పిన్ని లేచింది, బాబాయి లేచాడు. చివరి వరస మొత్తం నిలబడింది. చప్పట్లు కొట్టేవాళ్ళు ఎవరికి కొట్టాలో తెలియక ఒక్క క్షణం ఆగారు. వేదిక మీది పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, నవ్వుతూ, "వీళ్ళలో తల్లిదండ్రులెవరు?" అని మైకులో అడిగాడు.

"అందరమూనండీ" అన్నాడు నాన్న, హాలంతా వినబడేట్టు.